యుద్ధకాలపు బ్రౌనింగ్ హై పవర్: పిస్తోలు చరిత్రను దాని లోహం మీద చదవడం ఎలా

రెండో ప్రపంచ యుద్ధంలో పరస్పరం పోరాడుతున్న రెండు పక్షాలూ ఒకే నమూనా పిస్తోలును ఒకే కాలంలో, రెండు వేర్వేరు ఖండాల్లో తయారు చేయించుకున్నాయి. ఆ పిస్తోలు బ్రౌనింగ్ హై పవర్. 1944 మొదటి అర్ధభాగంలో బెల్జియంలోని హెర్‌స్టాల్ కర్మాగారం జర్మన్ ఆక్రమణలో ఉండి జర్మన్ సైన్యానికి దీన్ని అందిస్తుండగా, కెనడాలోని టొరంటో కర్మాగారం ఇదే పిస్తోలును చైనా కోసమూ, ఆ తరువాత కామన్వెల్త్ దళాల కోసమూ తయారు చేస్తూ వచ్చింది. అందువల్ల ఈ రకం పిస్తోలు ఒకటి ఎదురుపడినప్పుడు అది ఎవరి చేతిలో యుద్ధం చూసిందన్న ప్రశ్నకు ఆకారాన్ని చూసి సమాధానం చెప్పడం సాధ్యం కాదు. సమాధానం దాని మీది ముద్రల్లో, వరుస సంఖ్యలో, గురి చూసుకునే వెనుక సైట్ అమరికలో, పిడి వెనుక ఉన్న గాడిలో, పైపూతలో ఉంటుంది. వాటిని ఏ క్రమంలో చదవాలో, ఏది ఎంతవరకు నమ్మదగిందో వివరించడమే ఈ వ్యాసం పని.

పిస్తోలుతో పాటు ఒక కథ కూడా చేతులు మారుతుందని సేకరణలో కొంతకాలం ఉన్నవారందరికీ తెలుసు. తాతగారు ఒక జర్మన్ అధికారి నుంచి స్వాధీనం చేసుకున్నారని ఒకరు, పారాట్రూపర్ ఒకరు దీన్ని ధరించి రైన్ నది అవతల దిగారని మరొకరు చెబుతారు. ఆ కథలన్నీ అబద్ధాలు కానక్కరలేదు గాని, వాటితో పరిశీలన మొదలుపెడితే కన్ను ఆ కథకు అనుకూలమైన గుర్తులనే వెతుకుతుంది. కనుక ముందు లోహాన్ని చదవాలి, తరువాత కాగితాలను, అన్నిటికంటే చివర కథను.

తాకడానికి ముందు

చట్టం సంగతి మొదట తేల్చుకోవాలి. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నియమావళి ప్రకారం 9 మిల్లీమీటర్ల సైనిక తూటాను పేల్చే పిస్తోలు నిషిద్ధ బోరు కిందికి వస్తుంది. మామూలు లైసెన్సు మీద దాన్ని ఉంచుకోవడానికి వీలు లేదు. 2019 సవరణ తరువాత మామూలు లైసెన్సుదారు దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య కూడా మూడు నుంచి రెండుకు తగ్గింది. కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఆసక్తిపరులకు ఈ పరిశీలన మ్యూజియం అద్దాల వెనుక ఉన్న నమూనాలకూ, వేలం సంస్థలు ప్రచురించే స్పష్టమైన ఛాయాచిత్రాలకూ పరిమితమవుతుంది. అది చిన్న విషయమేమీ కాదు. ముద్రలు చదవడం నేర్చుకోవడానికి మంచి ఛాయాచిత్రాలు చేతిలో ఉన్న పిస్తోలు కంటే ఒక్కోసారి ఎక్కువ ఉపయోగపడతాయి.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి పరిస్థితి వేరు. అక్కడి సమాఖ్య చట్టం 50 ఏళ్ళు దాటిన తుపాకులను అపురూప, పురాతన వస్తువుల వర్గంలో గుర్తిస్తుంది, వాటి సేకరణకర్తలకు ప్రత్యేక లైసెన్సు ఇస్తుంది. అయినా రాష్ట్రాల చట్టాలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉంటాయి గనుక ముందుగా విచారించుకోవాలి. కెనడాలో 2022 అక్టోబరు 21 నుంచి వ్యక్తుల మధ్య చేతి తుపాకుల బదిలీని స్తంభింపజేశారు. బ్రిటన్ 1997లోనే చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించి, చారిత్రక ప్రాధాన్యం ఉన్నవాటికి మాత్రమే కఠినమైన షరతులతో మినహాయింపు ఉంచింది. విదేశంలో చట్టబద్ధంగా కొన్నదాన్ని జ్ఞాపకంగా స్వదేశానికి తెచ్చుకోవచ్చునని ఎవరూ అనుకోకూడదు.

పిస్తోలు నిజంగానే ఎదురుగా ఉన్నప్పుడు, ఎనభై ఏళ్ళ పాతదైనా అది గుళ్ళు నింపి ఉన్నదేనని భావించి వ్యవహరించాలి. ఖాళీ చేసి చూపమని యజమానినో, లైసెన్సున్న ఆయుధాల నిపుణుడినో కోరాలి. ఆయన గుళ్ళు ఉండే మ్యాగజైన్ తీసి, బారెల్‌ను కప్పి ముందుకూ వెనక్కూ కదిలే స్లైడ్‌ను వెనక్కు లాగి, బారెల్ లోపలి గదిని చూపిన తరువాతే పరిశీలన మొదలుపెట్టాలి. పాత పిస్తోలు పేలుతుందో లేదో చూడాలనే కోరికకు చరిత్ర పరిశోధనలో చోటు లేదు.

ఎలా పుట్టిందో తెలియకపోతే ముద్రలు అర్థం కావు

1920ల మొదట్లో ఫ్రెంచ్ సైన్యం ఎక్కువ గుళ్ళు పట్టే కొత్త పిస్తోలు కావాలని కోరింది. బెల్జియంలోని లీజ్ నగరం పక్కన హెర్‌స్టాల్‌లో ఉన్న ఎఫ్ఎన్ (ఫాబ్రిక్ నాసియొనాల్) సంస్థ ఆ పనిని తమతో చిరకాల సంబంధం ఉన్న అమెరికన్ రూపశిల్పి జాన్ మోజెస్ బ్రౌనింగ్‌కు అప్పగించింది. ఎఫ్ఎన్‌లో పనిచేసే డ్యూడొనె సైవ్ గుళ్ళను రెండు వరుసల్లో పేర్చే మ్యాగజైన్‌ను రూపొందించగా, బ్రౌనింగ్ దానికి తగిన పిస్తోలు కోసం 1923లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. తాను గతంలో రూపొందించిన 1911 నమూనా పిస్తోలు హక్కులు కోల్ట్ సంస్థ చేతిలో ఉండడంతో, తన పాత ఆలోచనలనే ఆయన పక్కన పెట్టి కొత్త దారి వెతుక్కోవలసి వచ్చింది. 1926 నవంబరు 26న ఎఫ్ఎన్ కర్మాగారంలోనే ఆయన కన్నుమూశాడు. కోరిన పేటెంటు మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మంజూరైంది.

ఆ తరువాతి పని అంతా సైవ్‌దే. 1928లో కోల్ట్ పేటెంట్ల గడువు ముగియడంతో ఆయన అందులోని మంచి అంశాలను స్వేచ్ఛగా కలుపుకొని పిస్తోలును తిరిగి తీర్చిదిద్దాడు. పొడవాటి మ్యాగజైన్ కుదించుకుని 13 గుళ్ళ దగ్గర స్థిరపడింది. ఎవరి కోసం మొదలైందో ఆ ఫ్రాన్స్ చివరికి తన సొంత నమూనాను ఎంచుకోగా, 1935లో బెల్జియం సైన్యం దీన్ని స్వీకరించింది. హై పవర్‌కు ఉన్న పి-35 అన్న మరో పేరులోని 35 అక్కడినుంచి వచ్చిందే. బ్రౌనింగ్ పేరు ప్రసిద్ధం గనుక పిస్తోలు ఆయన పేరుతో నిలిచిపోయింది గాని, మనం చేతిలోకి తీసుకుని చూసే రూపంలో సగానికి పైగా సైవ్ పనితనమేనని నా అభిప్రాయం.

పరిశీలకుడికి ఈ దశలో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ఎఫ్ఎన్ మొదటి నుంచీ దీన్ని రెండు రకాలుగా అమ్మింది. ఒకటి కదలని మామూలు వెనుక సైట్ ఉన్నది. రెండోది దూరాన్ని బట్టి ఎత్తు మార్చుకునే టాంజెంట్ సైట్ ఉన్నది. దాని మీద 500 మీటర్ల వరకు అంకెలు చెక్కి ఉంటాయి, పిడి వెనుక భాగంలో భుజానికి ఆనించే చెక్క కట్టెను తగిలించుకునే గాడి ఉంటుంది. పిస్తోలుతో 500 మీటర్ల లక్ష్యాన్ని కొట్టడం కాగితం మీది ఆశే తప్ప మరొకటి కాదు. అయినా ఈ సైటూ, ఈ గాడీ ఉన్నాయా లేవా అన్నదే తరువాత తయారీ కాలాన్ని నిర్ణయించడంలో పెద్ద ఆధారంగా మారింది.

ముందు ఏ శాఖకు చెందిందో తేల్చాలి

స్లైడ్ ఎడమ వైపున ఉన్న రాతతో మొదలుపెట్టాలి. ఫ్రెంచ్ భాషలో ఫాబ్రిక్ నాసియొనాల్ సంస్థ పేరు, హెర్‌స్టాల్, బెల్జియం అన్న మాటలు ఉంటే అది ఎఫ్ఎన్ తయారీ. ఇంగ్లిస్, కెనడా అన్న మాటలు ఉంటే టొరంటో తయారీ. ఎఫ్ఎన్ రాత ఉన్నంత మాత్రాన అది యుద్ధానికి ముందుదో, ఆక్రమణ కాలానిదో, యుద్ధానంతరానిదో తెలియదు, ఎందుకంటే ఆక్రమణ కాలంలోనూ జర్మన్లు బెల్జియం సంస్థ పేరును తొలగించలేదు. ఇక్కడే చాలామంది కొత్తవారు తొందరపడి, బెల్జియం పేరు కనిపించగానే యుద్ధానికి ముందుదని రాసుకుంటారు.

యుద్ధానంతరపు పిస్తోళ్ళను వేరు చేయడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. పేలిన తూటా గొట్టాన్ని బయటకు లాగే ఎక్స్‌ట్రాక్టర్ యుద్ధకాలపు పిస్తోళ్ళలో స్లైడ్ లోపల దాగి ఉంటుంది. 1960ల తొలినాళ్ళలో ఎఫ్ఎన్ దాన్ని స్లైడ్ కుడి పక్కకు, బయటికి కనిపించేలా మార్చింది. బయట ఎక్స్‌ట్రాక్టర్ కనిపిస్తూ ఆక్రమణ కాలంలో వేసిన జర్మన్ గద్ద ముద్ర కూడా ఉందంటే, అక్కడితో పరిశీలన ఆపి విక్రేతకు నమస్కారం చెప్పవచ్చు. తూటాను పేల్చడానికి వెనుకనుంచి కొట్టే హ్యామర్ చివర గుండ్రని వలయం ఉండడం యుద్ధకాలపు లక్షణమే గాని, హ్యామర్‌ను మార్చడం ఏ మరమ్మతు దుకాణంలోనైనా జరిగే పని గనుక దానికి అంత బరువు ఇవ్వకూడదు.

యుద్ధానికి ముందటి పిస్తోలైతే లీజ్ పరీక్షాలయపు ముద్రలు ఉండాలి. 1672 నుంచి పనిచేస్తున్న ఆ సంస్థ పిస్తోలు బారెల్‌ను అధిక పీడనంతో పరీక్షించి ముద్ర వేస్తుంది. కోడిగుడ్డు ఆకారపు గీత లోపల ఈ, ఎల్, జి అక్షరాలు, దాని మీద కిరీటం ఉండే ముద్ర వాటిలో సులభంగా గుర్తుపట్టగలిగింది. ఈ కాలపు పిస్తోళ్ళకు నున్నని మెరుగు, లోతైన నీలిపూత సహజం. వీటిలో ఎక్కువ ఆసక్తి రేపేది ఫిన్లాండ్ కొన్న 2,400 పిస్తోళ్ళ శాఖ. శీతాకాల యుద్ధపు రోజుల్లో, అంటే 1940లో, సోవియట్ దాడిని ఎదుర్కొంటున్న ఆ దేశం టాంజెంట్ సైట్, గాడి ఉన్న రకాన్నే తెప్పించుకుంది. వాటిలో చాలావాటి మీద చతురస్రపు గీతల మధ్య ఎస్, ఎ అక్షరాలున్న ఫిన్లాండ్ సైన్యపు ఆస్తి ముద్ర కనిపిస్తుంది. ఆ రెండక్షరాల పెట్టె నకిలీ వేయడానికి సులువైన ముద్ర గనుక, దాన్ని వరుస సంఖ్యతో కలిపి చూడకుండా నమ్మకూడదు.

ఆక్రమణ కాలం: మూడు సంఖ్యలు, దిగజారిన పనితనం

1940 మే నెలలో జర్మనీ బెల్జియాన్ని ఆక్రమించి, ఎఫ్ఎన్ కర్మాగారాన్ని తన అదుపులోకి తీసుకుని పిస్తోలు తయారీని కొనసాగించింది. జర్మన్ సైన్యపు జాబితాల్లో దాని పేరు పిస్టోలె 640. బెల్జియం మూలాన్ని సూచించే బి అక్షరాన్ని ఆ పేరు చివర చేర్చేవారు. 1944 సెప్టెంబరులో లీజ్ విముక్తమయ్యే వరకు మొత్తం 3 లక్షలకు పైగా పిస్తోళ్ళు ఈ విధంగా తయారయ్యాయి. కనుక ఆక్రమణ కాలపు హై పవర్ అరుదైన వస్తువేమీ కాదు. అందులోని కొన్ని ఉపరకాలు మాత్రమే అరుదు.

ఈ శాఖను చదవడానికి కీలకం జర్మన్ ఆయుధ తనిఖీ విభాగం వేసిన అంగీకార ముద్ర. చిన్న గద్ద బొమ్మ, దాని కింద ఆ విభాగం పేరుకు గుర్తుగా మూడు అక్షరాలు, ఆ పక్కన తనిఖీ బృందపు సంఖ్య ఉంటాయి. కాలక్రమంలో మొదట 613, తరువాత 103, చివరిగా 140 వస్తాయి. ఈ మూడింటినీ గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే, ఎందుకంటే ప్రతి సంఖ్యకూ దానికి తగిన రూపం ఉంది. కర్మాగారం చేజిక్కినప్పుడు అక్కడ సిద్ధంగా ఉన్న భాగాలతో కూర్చిన తొలి పిస్తోళ్ళ మీద 613 కనిపిస్తుంది. వాటికి టాంజెంట్ సైట్ ఉంటుంది, పిడి వెనుక గాడి ఉంటుంది, పైపూత దాదాపు యుద్ధానికి ముందటి మెరుగుతోనే ఉంటుంది. 103 కాలంలో టాంజెంట్ సైట్ కొనసాగినా గాడి కనుమరుగవుతుంది. 140 కాలం చాలా సుదీర్ఘమైనది. దాని తొలిభాగంలో టాంజెంట్ సైట్ ఉన్నవీ, ఆ తరువాత కదలని సైట్ మాత్రమే ఉన్నవీ వచ్చాయి. చివరి నెలల నాటికి స్లైడ్ మీద రంపపు గీతలు, చెక్కుడు గీతలు కంటికి కనిపించేంతగా మెరుగుపెట్టే పని వదిలేశారు.

ఇందులోంచి ఒక పనికొచ్చే నియమం వస్తుంది. ముద్రలోని సంఖ్య, సైట్ రకం, గాడి, పైపూత ఈ నాలుగూ ఒకే కాలాన్ని చెప్పాలి. 140 ముద్ర ఉండి, గాడి ఉండి, అద్దంలా మెరిసే నీలిపూత కూడా ఉంటే ఆ నాలుగింటిలో కనీసం ఒకటి తరువాత చేర్చిందని అనుమానించాలి. మరీ అందంగా ఉన్న 1944 పిస్తోలును నేను ఎప్పుడూ మొదట అనుమానిస్తాను. ఆ ఏడాది హెర్‌స్టాల్‌లో అందానికి సమయం పెట్టలేదు.

అంగీకార ముద్రలను చూడటానికి పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం చాలు. వెలుతురు మాత్రం పైనుంచి కాకుండా పక్కనుంచి, లోహపు ఉపరితలానికి దాదాపు సమాంతరంగా పడాలి. అప్పుడే అచ్చు లోతు, అంచుల పదును తెలుస్తాయి. అసలు ముద్ర ఒక్క దెబ్బతో పడింది గనుక గద్ద, అక్షరాలు, అంకెలు ఒకే లోతులో, ఒకే వాలులో ఉంటాయి. విడివిడి అచ్చులతో తరువాత కొట్టిన ముద్రలో అంకెలు ఒకదానికొకటి ఎగుడుదిగుడుగా కనిపించవచ్చు. అక్షరాల అంచులు కరిగినట్టు గుండ్రబడి ఉంటే ఎవరో సానపట్టి కొత్త పూత వేశారన్నమాట. ముద్ర నిజమైనదే కావచ్చు గాని పిస్తోలు తన అసలు స్థితిని కోల్పోయింది.

టొరంటో శాఖ

బెల్జియం పడిపోయిన తరువాత సైవ్‌తో సహా కొందరు ఎఫ్ఎన్ నిపుణులు బ్రిటన్‌కు చేరుకోగలిగారు, వారితో పిస్తోలు గురించిన జ్ఞానం కూడా దాటిపోయింది. యుద్ధానికి ముందే హై పవర్‌ను కొని వాడి చూసిన చైనా జాతీయవాద ప్రభుత్వం దాన్ని మళ్ళీ కోరింది. మిత్రదేశాలకు యుద్ధసామగ్రి అందించేందుకు కెనడా 1943లో చట్టం చేసి నడిపిన పరస్పర సహాయ కార్యక్రమం కింద ఆ పని టొరంటోలోని జాన్ ఇంగ్లిస్ సంస్థకు వచ్చింది. ఆ సంస్థకు 1938లోనే బ్రెన్ మెషిన్ గన్ల కాంట్రాక్టు దక్కింది గనుక ఆయుధాల తయారీ దానికి కొత్త కాదు. యుద్ధం ముగిశాక అదే పేరు కెనడా ఇళ్ళలో బట్టలు ఉతికే యంత్రాల మీద కనిపించడం ఇంగ్లిస్ చరిత్రలో ఒక చిత్రమైన మలుపు.

చైనా కోరిన సంఖ్య 1,80,000. పిస్తోళ్ళు 1944 ఫిబ్రవరి నుంచి బయటకు రావడం మొదలై, 1945 శరదృతువులో తయారీ ఆగిపోయే నాటికి అన్ని రకాలూ కలిపి సుమారు 1,51,000 దాటాయి. చైనా తీరమంతా జపాన్ అదుపులో ఉండడంతో ఆ దేశానికి వెళ్ళే యుద్ధసామగ్రి భారతదేశానికి చేరి, అస్సాం విమానాశ్రయాల నుంచి హిమాలయాల మీదుగా ఎగిరి వెళ్ళవలసి వచ్చేది. ఆ ఇరుకు దారిలో పిస్తోళ్ళకంటే ముందు వెళ్ళవలసిన సరుకు ఎంతో ఉండేది. చైనా కోసం మొదలైన తయారీ కామన్వెల్త్ దళాలకూ మళ్ళడం వెనుక ఈ రవాణా కష్టం కూడా ఉంది.

ఇంగ్లిస్ పిస్తోలును చదవడం ఒక రకంగా ఎఫ్ఎన్ పిస్తోలును చదవడం కంటే సులువు, ఎందుకంటే వరుస సంఖ్యలోనే గమ్యం రాసి ఉంటుంది. సంఖ్య మధ్యలో సీ, హెచ్ అక్షరాలుంటే చైనా కోసం తయారైంది. టీ అక్షరం ఉంటే కెనడా, బ్రిటన్, ఇతర కామన్వెల్త్ దళాల కోసం తయారైంది. అక్షరాల ముందున్న అంకె పదివేల సంఖ్యను, వాటి వెనుక ఉన్న నాలుగంకెలు మిగతా సంఖ్యను సూచిస్తాయి. చైనా కోసం తయారైన తొలి పిస్తోళ్ళ స్లైడ్ మీద చైనా గణతంత్రపు ఆస్తి అని తెలిపే ఆరు చైనీస్ అక్షరాలు చెక్కి ఉంటాయి. సేకరణకర్తలు వీటికోసం ఎక్కువ ధర పెడతారు గనుక తరువాత చెక్కించినవి కూడా మార్కెట్టులో తిరుగుతాయి. అక్షరాల లోపలి పూత చుట్టూ ఉన్న పూతతో కలిసిపోయిందో లేదో చూడాలి. టీ అక్షరమున్న పిస్తోలు మీద చైనీస్ అక్షరాలు కనిపిస్తే ఇక ఆలోచించవలసిన పని లేదు.

రూపంలో మళ్ళీ రెండు రకాలు. నంబర్ 1 అన్నదానికి టాంజెంట్ సైట్, గాడి ఉంటాయి. నంబర్ 2 కదలని సైట్ రకం. రెండింటిలోనూ మార్క్ 1 అన్న రాత పక్కన చిన్న నక్షత్రం ఉంటే, పేలిన గొట్టాన్ని బయటకు తోసే భాగాలను మెరుగుపరచిన తరువాతి రూపమని అర్థం; ఎక్కువగా కనిపించేది ఇదే. పూత నీలంగా మెరవదు, బూడిద లేదా నలుపు ఛాయలో మందంగా ఉండే ఫాస్ఫేట్ పూత. పిడి పలకలు నల్లని ప్లాస్టిక్‌వి. సీ అక్షరం కడుపులో బాణపు ములికి ఉన్న ముద్ర కెనడా సైన్యపు ఆస్తికి గుర్తు. కొన్ని పిస్తోళ్ళ పిడి ముందు భాగంలో పరస్పర సహాయ కార్యక్రమపు చిన్న అంటింపు బొమ్మ ఇప్పటికీ మిగిలి ఉంది. అది కాగితంలా పలుచనిది; ఎవరైనా ఉత్సాహంగా నూనెగుడ్డతో తుడిస్తే ఒక్కసారికే పోతుంది. శుభ్రం చేయడం వల్ల చరిత్ర చెరిగిపోయే సందర్భాల్లో ఇది ఒకటి.

1945 మార్చి 24న రైన్ నది దాటి దిగిన ఆపరేషన్ వార్సిటీలో కెనడా ఒకటో పారాషూట్ బెటాలియన్ దగ్గర ఈ పిస్తోళ్ళు ఉన్నాయి. అందువల్ల ప్రతి టీ సంఖ్య పిస్తోలునూ వార్సిటీ పిస్తోలుగా పరిచయం చేసే అలవాటు విక్రేతలకు ఏర్పడింది. వరుస సంఖ్యను బట్టి అది 1945 మార్చికి ముందు తయారైందో లేదో చూడడం కనీస పరీక్ష. అంతకు మించి ఆ మాట నిలవాలంటే ఆ సంఖ్యతో కూడిన కాగితం కావాలి.

కెనడా సైన్యం ఇంగ్లిస్ పిస్తోళ్ళను దశాబ్దాల తరబడి వాడి, 2022లో గాని వాటి స్థానంలో కొత్త పిస్తోళ్ళకు కాంట్రాక్టు ఇవ్వలేదు. అంతకాలం సేవలో ఉన్న పిస్తోలుకు సైనిక వర్క్‌షాపుల్లో బారెల్ మారుతుంది, స్లైడ్ మారుతుంది, కొత్త పూత పడుతుంది. అటువంటి పిస్తోలులో భాగాల సంఖ్యలు కలవకపోతే దాన్ని మోసంగా చూడడం అన్యాయం. అది సేవాచరిత్రలో భాగమే. యుద్ధకాలంలోనే ఆగిపోయిన ఆక్రమణ కాలపు పిస్తోలులో మాత్రం సంఖ్యలు కలవకపోవడం లోపంగానే లెక్కకు వస్తుంది. మన దేశంలో పశ్చిమ బెంగాల్‌లోని ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ సైన్యం, పోలీసుల కోసం తయారు చేసిన 9 మిల్లీమీటర్ల 1ఎ పిస్తోలు కూడా ఈ ఇంగ్లిస్ రూపానికి వారసురాలే. సేకరణ ఊసు లేని తెలుగు పాఠకులు కూడా ఈ ఆకారాన్ని ఏదో ఒక పోలీసు అధికారి నడుము దగ్గర చూసే ఉంటారు.

గాడి, కట్టె, దిగుమతి ముద్ర

నకిలీలు ఎక్కువగా జరిగే చోటు పిడి వెనుక ఉన్న గాడి. గాడి లేని పిస్తోలుకు తరువాత గాడి కోయించడం పరికరాలున్నవారికి కష్టమేమీ కాదు. కర్మాగారంలో గాడి కోసిన తరువాత పూత వేశారు గనుక గాడి లోపలి గోడల మీద పూత, అరుగుదల, చేరిన మురికి పిడి మిగతా భాగంతో సరిపోవాలి. లోపల తెల్లని లోహమో, చేతితో వేసే నీలిద్రవపు పలుచటి రంగో కనిపిస్తే అది ఇటీవలి పని. చెక్క కట్టెల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే కొత్తగా చేసినవే ఎక్కువ. పిస్తోలుకు కట్టె తగిలిస్తే కొన్ని దేశాల్లో అది చట్టం దృష్టిలో మరో రకం ఆయుధంగా మారిపోతుంది గనుక, సరిపోతుందో లేదో చూడటానికైనా అడగకుండా తగిలించకూడదు.

అమెరికాలో 1968 తరువాత దిగుమతైన తుపాకుల మీద దిగుమతిదారు పేరు, ఊరు చెక్కి ఉండాలన్నది నియమం. పిస్తోలు కింది చట్రమైన ఫ్రేమ్ కింద గాని స్లైడ్ పక్కన గాని కనిపించే ఈ చిన్న రాత చాలామందికి కంటగింపు. చరిత్ర చదివేవారికి మాత్రం అది మంచి సాక్షి: సైనికుడు 1945లో సంచిలో తెచ్చుకున్నాడని చెప్పే పిస్తోలు మీద దిగుమతిదారు పేరు ఉంటే ఆ కథ అక్కడే ముగుస్తుంది. ఆ రాత ఉండవలసిన చోట లోహం కాస్త పల్లంగా, సానపట్టినట్టు ఉంటే దాన్ని చెరిపేశారేమోనని చూడాలి.

కాగితాలను చదవడం

యుద్ధం చివర అమెరికన్ సైనికులు స్వాధీనం చేసుకున్న ఆయుధాన్ని ఇంటికి తెచ్చుకోవాలంటే పై అధికారి సంతకంతో అనుమతిపత్రం ఉండాలి. ఆ పత్రం మీద పిస్తోలు వరుస సంఖ్య ఉండి, అది లోహం మీది సంఖ్యతో అంకెకు అంకె కలిస్తే దానికి మించిన ఆధారం దొరకడం కష్టం. సంఖ్య లేకుండా జర్మన్ పిస్తోలు ఒకటి అని మాత్రమే ఉన్న పత్రం ఆ సైనికుడు ఏదో ఒక పిస్తోలు తెచ్చాడని చెబుతుందే తప్ప, ఇదే తెచ్చాడని చెప్పదు. విడిగా కొన్న పాత పత్రాన్ని వేరే పిస్తోలుకు జతచేయడం కూడా జరుగుతుంది. కెనడా సైనికుడి పేరు తెలిసినప్పుడు, అతని సేవా రికార్డుల గురించి ఒట్టావాలోని లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడాను కుటుంబసభ్యులు సంప్రదించవచ్చు. అతను ఏ యూనిట్లో ఎప్పుడు ఉన్నాడన్నది తేలితే కథలో నిజమెంతో కొంతవరకు తేలుతుంది.

పోల్చి చూసుకోవడానికి నిజమైన నమూనాలు కావాలి. లీజ్ నగరంలోని గ్రాండ్ కర్టియస్ మ్యూజియంలో ఆ ప్రాంతపు ఆయుధ సంప్రదాయం గురించిన పెద్ద సేకరణ ఉంది. అమెరికాలో యూటా రాష్ట్రం ఆగ్డెన్‌లోని యూనియన్ స్టేషన్‌లో బ్రౌనింగ్ పేరుతోనే ఒక ఆయుధ మ్యూజియం ఏర్పాటైంది. ఒట్టావాలోని కెనడా యుద్ధ మ్యూజియం, లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ కూడా ఇందుకు తగినవే. అద్దం వెనుక నమూనాను చూసేటప్పుడు ముద్రలకంటే ముందు పూత రంగును, అరుగుదల ఎక్కడెక్కడ పడిందో గమనించాలి. ఛాయాచిత్రాలు సరిగా చూపలేనివి అవే.

నమోదు, భద్రత

చూసిందంతా ఒకచోట రాసి పెట్టుకోకపోతే పరిశీలన వృథా. స్లైడ్ రెండు వైపులా, ఫ్రేమ్, బారెల్, మ్యాగజైన్, పిడి వెనుక భాగం, సైట్ వీటన్నిటినీ కిటికీ పక్క వెలుతురులో, కొలబద్ద పక్కన పెట్టి ఛాయాచిత్రాలు తీయించాలి. వరుస సంఖ్య ఏయే భాగాల మీద ఉందో, ఏయే భాగాల మీద లేదో రెండూ రాయాలి. ప్రతి ముద్రనూ బొమ్మ గీసి, దాని చోటు చూపాలి. నమోదులో మూడు రకాల వాక్యాలను ఎప్పుడూ కలపకూడదు: లోహం మీద కళ్ళతో చూసినవి, కాగితం మీద ఉన్నవి, ఎవరో చెప్పగా విన్నవి. ఈ విభజన పాటించిన నమోదు చేతులు మారినా చెడదు.

యజమాని సలహా అడిగితే చెప్పవలసింది ముఖ్యంగా ఏం చేయకూడదన్నదే. ఇనుప పీచుతో, సానరాయితో రుద్దకూడదు. కొత్త నీలిపూత వేయించకూడదు. పలుచని తుపాకీ నూనెను మెత్తని నూలుగుడ్డతో తేలికగా రాయడం చాలు, అంటింపు బొమ్మ ఉన్న చోట అదీ వద్దు. తోలు సంచి ఎంత పాతదైనా, పిస్తోలుకు చెందినదే అయినా, పిస్తోలును అందులో ఉంచి దాచకూడదు, ఎందుకంటే తోలు తేమను పట్టి ఉంచుతుంది, అందులోని రసాయనాలు లోహాన్ని తింటాయి. రెండింటినీ పక్కపక్కన విడిగా ఉంచి, పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి తడిసినప్పుడల్లా మార్చాలి. తరువాత కొత్త ఆధారం దొరికి పాత నిర్ణయం తప్పని తేలితే, నమోదులోని పాత వాక్యాన్ని కొట్టివేయకుండా దాని కిందనే తేదీ వేసి కొత్తది రాయాలి. ముందటి పరిశీలకుడు ఏ ముద్రను చూసి ఆ నిర్ణయానికి వచ్చాడో తరువాత చూసేవారికి అలాగే తెలుస్తుంది.